పానా నుంచి సంతకం దాకా: శంషాబాద్ చుట్టూ నైపుణ్య శిక్షణ

‘నైపుణ్యం’ అన్న మాట ఈనాడు మన చుట్టూ ఎంత విరివిగా వినబడుతున్నదో అంత తక్కువగా పరిశీలనకు వస్తున్నది. శంషాబాద్ చౌరస్తాలో గోడల మీద అతికించిన కాగితాల్లోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ, ప్రైవేటు శిక్షణ కేంద్రాల కరపత్రాల్లోనూ ఒకటే వాగ్దానం: సాంకేతిక నైపుణ్యం నేర్చుకోండి, బతుకు మారుతుంది. ఈ వాగ్దానం పూర్తిగా అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఎంతవరకు నిజం, ఎవరికి నిజం, ఎక్కడ ఆగిపోతున్నది అన్నవి తేల్చుకోవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలతో రచయితలకు, సాహిత్య విద్యార్థులకు ఏం పని అని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ శిక్షణలకు పోతున్నవాళ్లు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు, మన విద్యార్థులు. వాళ్ల జీవితం గురించి రాయాలనుకునేవాడికి వాళ్ల పని తెలియాలి. ఇక రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ శిక్షణ ఎక్కడ ఆగిపోతున్నదో జాగ్రత్తగా చూస్తే, అక్కడ గోడలాగా నిలబడి ఉన్నది భాష. భాషతో పని చేసేవాళ్లు ఆ గోడను చూడనట్టు ఉండలేరు.

నేను కొన్నేళ్లుగా ఈ ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో చాలామంది రాత్రి షిఫ్టులో సరుకు గోదాముల్లోనో, విమానాశ్రయ కాంట్రాక్టర్ల దగ్గరో పని చేసి వస్తారు. కొందరు ఐ.టి.ఐ. చదివి, ఉద్యోగం చేస్తూ డిగ్రీ కట్టినవాళ్లు. వాళ్లతో మాట్లాడుతూ, వాళ్లు తెచ్చి చూపిన శిక్షణ పుస్తకాలు తిరగేస్తూ నేను గ్రహించిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

నైపుణ్యం లేనివాళ్లు ఎట్లా తయారయ్యారు

2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, 23 నుంచి విమానాల రాకపోకలు. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలివచ్చాయి. ఇందుకోసం సేకరించిన భూమి దాదాపు 5,500 ఎకరాలు. శంషాబాద్, మామిడిపల్లి, గొల్లపల్లి, అనంతరెడ్డిగూడ వంటి ఊళ్ల భూములు అందులో ఉన్నాయి.

భూమి పోయిన తర్వాత ఆ ఊళ్ల మనిషికి పత్రాల్లో ఒక కొత్త పేరు వచ్చింది: ‘నైపుణ్యం లేని శ్రామికుడు’. ఈ పేరును మనం ఒక నిమిషం ఆగి చూడాలి. మెట్ట పొలంలో ఏ చాలులో ఏ గింజ వేయాలో, మబ్బు ఏ దిక్కున కడితే ఎన్ని రోజులకు వాన పడుతుందో, బావిలో నీరు ఎన్ని మళ్లకు పారుతుందో తెలిసిన మనిషి నైపుణ్యం లేనివాడు ఎట్లా అయ్యాడు? ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం మొత్తం వ్యవసాయ పదాలే. ఒక పనికి సంబంధించిన మాటలు ఒక పెద్ద పుస్తకానికి సరిపడా ఉన్నాయంటే, ఆ పనిలో ఎంత జ్ఞానం ఉన్నదో వేరే రుజువు అక్కరలేదు. రైతుకు నైపుణ్యం లేకపోవడం కాదు జరిగింది. ఆ నైపుణ్యం నిలబడే నేల పోయింది. నేలతో పాటు దాని ధర కూడా పోయింది.

ఈ విషయం మొదటే చెప్పడానికి కారణం ఉన్నది. నైపుణ్యం మనిషి ఒంట్లో ఉండే గుణం మాత్రమే కాదు. అది ఒక ఉత్పత్తి వ్యవస్థలో విలువ పొందే సామర్థ్యం. వ్యవస్థ మారితే నిన్నటి నిపుణుడు నేడు కూలీ అవుతాడు. శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి మరిచిపోయి, లోపమంతా మనిషిలోనే ఉన్నట్టు మాట్లాడతారు.

చుట్టూ వచ్చిన పని

భూమి పోయిన చోట కొత్త పని రాలేదని అనడం కూడా సరికాదు. వచ్చింది. విమానాశ్రయాన్ని నడిపే సంస్థకు చెందిన జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ ఇక్కడ ఉపాధి శిక్షణ కేంద్రం నడుపుతున్నది. విమానాశ్రయ ఆవరణలోనే విమానాలను విప్పి, పరీక్షించి, మరమ్మతు చేసే హ్యాంగర్లు వచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు మీద తూర్పుకు పోతే ఆదిబట్ల. అక్కడ టాటా, బోయింగ్ సంస్థలు కలిసి పెట్టిన కర్మాగారం 2018లో ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ల మొండెం భాగం అక్కడ తయారవుతున్నది. 2022 జులైలో ఫ్రాన్సుకు చెందిన సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజను భాగాల కర్మాగారం హైదరాబాద్‌లో మొదలైంది. 2025 నవంబరు 26న అదే సంస్థకు చెందిన లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం విమానాశ్రయ పారిశ్రామిక వాడలో ప్రారంభమైంది. ఎయిర్‌బస్ ఎ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు వాడే ఇంజన్లు అవి. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్ల దాకా బాగుచేయగలిగేటట్టు, వెయ్యిమందికి పైగా సాంకేతిక నిపుణులకు పని దొరికేటట్టు దాన్ని రూపొందించారు.

కనుక పని ఉన్నది. ప్రశ్న అది కాదు. ఆ వెయ్యిమందిలోకి అనంతరెడ్డిగూడ పిల్లవాడు ఏ మెట్టు గుండా పోగలడు, ఏ మెట్టు మీద ఆగిపోతాడు అన్నది ప్రశ్న.

నాలుగు మెట్లు

ఈ చుట్టుపక్కల దొరికే సాంకేతిక శిక్షణను నాలుగు మెట్లుగా విభజించి చూడవచ్చు.

మొదటి మెట్టు స్వల్పకాలిక శిక్షణ. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద 2016–20 మధ్య ఇచ్చిన స్వల్పకాలిక కోర్సులు సాధారణంగా 150 నుంచి 300 గంటలవి. అంటే రెండు మూడు నెలల పని. సామాను ఎక్కించడం, గోదాములో స్కానరు పట్టి లెక్క చూడటం, దుకాణంలో బిల్లు కొట్టడం, ఏ.సి. మిషను విప్పి శుభ్రం చేయడం వంటివి ఇంత కాలంలో నేర్పవచ్చు.

రెండవది ఐ.టి.ఐ. 1950లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వృత్తి శిక్షణ పథకం ఇది. ఫిట్టరు కోర్సు రెండేళ్లు. దాని వెనక 1961 అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారంలో శిక్షణ. తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసింది. దాని శంకుస్థాపన శంషాబాద్‌కు దూరం కాని కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో జరిగింది.

మూడవది పాలిటెక్నిక్ డిప్లొమా, మూడేళ్లు.

నాలుగవది విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు. ఇది కాలేజీ ఇచ్చే పట్టా కాదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పరీక్షలు పెట్టి ఇచ్చే అధికారం. ఎ, బి1, బి2, సి అని తరగతులు. బి1 అంటే ఇంజను, శరీర నిర్మాణం వంటి యాంత్రిక భాగాలు. బి2 అంటే విద్యుత్తు, ఎలక్ట్రానిక్ పరికరాలు. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో బి1 లేదా బి2 మూల కోర్సు 2,400 గంటలు. ప్రతి పాఠ్యభాగంలోనూ 75 శాతం మార్కులు రావాలి. ఆ పైన పని అనుభవం చూపాలి.

300 గంటలకు, 2,400 గంటలకు తేడా ఎనిమిది రెట్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా గంటలది కాదు, అధికారానిది. మరమ్మతు అయిన విమానం దానంతట అది ఎగరదు. లైసెన్సు, సంస్థ అనుమతి ఉన్న వ్యక్తి పత్రం చూసి, పని సరిగా జరిగిందని నిర్ధారించి, సంతకం చేయాలి. ఆ సంతకం పడేదాకా ఎన్ని కోట్ల విమానమైనా నేల మీదే ఉంటుంది. బోల్టు బిగించేవాడు ఒకడు, సంతకం చేసేవాడు ఒకడు. ఇద్దరి చేతులకూ అదే గ్రీజు అంటవచ్చు. కాని జీతం, గౌరవం, ఉద్యోగ భద్రత సంతకం వైపు ఉన్నాయి. బాధ్యత కూడా అటే ఉన్నది. ఆ సంతకం తప్పయితే చట్టం ముందు నిలబడవలసినవాడు అతడే.

ఈ ప్రాంతంలో నైపుణ్య శిక్షణను తూచడానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఇదే: ఈ శిక్షణ మనిషిని పానా దగ్గరే ఆపుతున్నదా, సంతకం వైపు నడిపిస్తున్నదా?

ఎంతకు బిగించాలి, ఎందుకంతకే బిగించాలి

ఒక చిన్న పనితో దీన్ని వివరిస్తాను. టార్క్ పానా అని ఒక పనిముట్టు ఉన్నది. దాని మీద ఒక సంఖ్య పెట్టుకుని బోల్టు తిప్పితే, ఆ సంఖ్య చేరగానే ‘టక్’మంటుంది. అక్కడ ఆపాలి. ఇది నేర్పడానికి ఒక పూట చాలు.

కాని ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చింది? బోల్టును బిగించినప్పుడు అది స్ప్రింగు మాదిరిగా కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ కుదించుకోవాలని గుంజుతుంది. ఆ గుంజుడే రెండు రేకులను అదిమి పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే అదుపు చాలదు. ఇంజను కంపనానికి కీలు కదులుతుంది, బోల్టు అలసి ఒకనాడు తెగుతుంది. ఎక్కువ బిగిస్తే బోల్టు సాగే హద్దు దాటిపోయి, తిరిగి కుదించుకునే శక్తి కోల్పోతుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది, లోపల చచ్చి ఉంటుంది.

ఇంకొక మెట్టు లోపలికి పోదాం. పానా మీద మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే ఖర్చవుతుంది. కొద్ది భాగమే బోల్టును సాగదీస్తుంది. పొడి మరల కోసం లెక్కకట్టిన సంఖ్య పెట్టుకుని, నూనె అంటిన బోల్టును బిగించామనుకోండి. రాపిడి తగ్గుతుంది. పానా మీద అదే సంఖ్య, అదే ‘టక్’. బోల్టు మాత్రం సాగవలసిన దానికన్నా ఎక్కువ సాగుతుంది. పనిముట్టు సరిగానే చెప్పింది, చేయి సరిగానే చేసింది, పని తప్పయింది. ఈ తప్పును పట్టుకోగలవాడు ‘ఎందుకు’ అన్నది తెలిసినవాడు మాత్రమే.

ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా పనిచేసిన నా విద్యార్థి ఒకసారి అన్న మాట ఇది: “సార్, ఎంతకు బిగించాలో మాకిచ్చిన కాగితంల ఉన్నది. ఎందుకంతకే బిగించాలో ఉన్న కాగితం మాకియ్యలే.” నైపుణ్యం గురించి నేను విన్న వ్యాఖ్యల్లో ఇంతకన్నా సూటి అయినది లేదు.

విడగొట్టిన పని

ఆ రెండో కాగితం ఇవ్వకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు. దానికి చరిత్ర ఉన్నది. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ‘శాస్త్రీయ నిర్వహణ’ సూత్రాలను ప్రకటించాడు. వాటి సారం ఒక్కటే. పని ఎట్లా చేయాలో ఆలోచించడం యాజమాన్యం వంతు, చెప్పినట్టు చేయడం కార్మికుడి వంతు. కార్మికుడి దగ్గర పేరుకున్న వృత్తి జ్ఞానాన్ని సేకరించి, సూత్రాలుగా మార్చి, చిన్న చిన్న ముక్కలుగా తిరిగి అతనికి అప్పగించాలి. అతని మాటలో చెప్పుకున్నా చెప్పుకోకపోయినా, దీని ఫలితంగా ఒక ముక్క మాత్రమే తెలిసిన మనిషి తయారవుతాడు. అటువంటి మనిషి చౌక. అతడు పోతే ఇంకొకడు దొరుకుతాడు.

1974లో హ్యారీ బ్రేవర్మన్ ‘శ్రమ, గుత్త పెట్టుబడి’ గురించి రాసిన పుస్తకంలో ఈ క్రమాన్ని విశ్లేషించాడు. ఆయన పుస్తకం రాసేవాడు మాత్రమే కాడు, రాగి పనిలో శిక్షణ పొందిన కార్మికుడు. యంత్రం ఎంత సంక్లిష్టమైతే కార్మికుడు అంత నిపుణుడవుతాడన్న నమ్మకాన్ని ఆయన ప్రశ్నించాడు. యంత్రంలోకి జ్ఞానం పోతున్న కొద్దీ దాని పక్కన నిలబడిన మనిషి నుంచి జ్ఞానం బయటికి పోవచ్చునన్నాడు. ఈ వాదం మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అన్ని చోట్లా ఒకే తీరుగా జరగలేదని, కొన్ని చోట్ల కార్మికులు జ్ఞానాన్ని నిలబెట్టుకున్నారని విమర్శకులు చూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. విమాన మరమ్మతు పనే దానికి ఉదాహరణ. అక్కడ భద్రతా చట్టం అడ్డుపడింది కనుక, మొత్తం పని తెలిసిన మనిషి లేకుండా చేయడం సాధ్యం కాలేదు. అదే ఆవరణలో, కొన్ని వందల గజాల దూరంలో, సరుకు గోదాములో స్కానరు పట్టిన పిల్లవాడి విషయంలో అటువంటి చట్టం లేదు. అతని చేతిలోని మిషను ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో చెబుతుంది. అతడు పెడతాడు. సాంకేతికత మధ్యనే ఉన్నాడు, సాంకేతికత అతనిలో లేదు.

నైపుణ్యం ఒక్కటే చాలదు

ఇంకొక భ్రమను కూడా తొలగించుకోవాలి. పూర్తి నైపుణ్యం ఉంటే ఉద్యోగం ఖాయమన్నది ఆ భ్రమ. హైదరాబాద్ నగర చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ ఈ నగరంలో పుట్టాయి. ఆ తర్వాత బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.డి.పి.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి. బాలానగర్‌లో 1968లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. రెండు మూడు తరాల ఫిట్టర్లు, టర్నర్లు, టూల్ రూమ్ మేస్త్రీలు అక్కడ తయారయ్యారు. వాళ్ల చేతి పనికి వంక పెట్టేవాళ్లు లేరు. అయినా 1990లలో ఆల్విన్ కంపెనీ కనుమరుగైంది. నైపుణ్యం తగ్గి కాదు. పెట్టుబడి విధానం మారి.

2020లో ఈ పాఠం శంషాబాద్‌కు వచ్చింది. మార్చి 25న దేశీయ విమానాలు ఆగిపోయాయి. మే 25 దాకా ఆగే ఉన్నాయి. ఆ రెండు నెలల్లో ఎవరి నైపుణ్యమూ తగ్గలేదు. కాని ట్రాలీలు తోసేవాళ్లకు, దుకాణాల్లో నిలబడేవాళ్లకు, కాంట్రాక్టు డ్రైవర్లకు పని లేకుండా పోయింది. అంతకుముందు 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, ఆ తర్వాత 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు లైసెన్సున్న ఇంజనీర్లు కూడా రోడ్డున పడ్డారు. అయితే వాళ్ల చేతిలో ఒక కాగితం ఉన్నది, దానిని తీసుకుని ఇంకొక సంస్థ గుమ్మం ఎక్కవచ్చు. 150 గంటల ధ్రువపత్రానికి ఆ బలం లేదు.

కనుక శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఉద్యోగ నిబంధనలు, కాంట్రాక్టు పద్ధతి, సంఘం పెట్టుకునే హక్కు గురించి కూడా మాట్లాడాలి. అవి లేకుండా నైపుణ్యం గురించి మాట్లాడటం ఇరుసు వదిలేసి చక్రం గురించి మాట్లాడటమే.

గోడ దగ్గర భాష

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం. ఐ.టి.ఐ. దాటిన తెలుగు మాధ్యమం పిల్లవాడు పై మెట్టు ఎక్కకుండా ఆపుతున్నవాటిలో ఫీజు ఒకటి. ఆ కోర్సులు ఖరీదైనవి. రెండవది ఇంగ్లీషు. విమానానికి సంబంధించిన పత్రమంతా ఇంగ్లీషులో ఉన్నది. పరీక్షలు ఇంగ్లీషులో ఉన్నాయి.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. విమానాల మరమ్మతు పుస్తకాలు మామూలు ఇంగ్లీషులో ఉండవు. 1970ల చివర యూరప్ విమాన సంస్థలు ఒక సమస్య లేవనెత్తాయి. ఈ పుస్తకాలు చదివే మెకానిక్కులలో ఎక్కువమందికి ఇంగ్లీషు మాతృభాష కాదు, అర్థం తప్పితే విమానం కూలుతుంది, కనుక భాషను సరళం చేయాలి అన్నాయి. 1986లో సరళీకృత ఇంగ్లీషు నియమావళి వెలువడింది. ఇప్పుడు దాన్ని ఎ.ఎస్.డి. – ఎస్.టి.ఇ. 100 అంటారు. పని చెప్పే వాక్యంలో 20 మాటలు మించరాదు. వర్ణించే వాక్యంలో 25 మించరాదు. అనుమతించిన సాధారణ పదాలు సుమారు 900. ఒక మాటకు ఒకే అర్థం. ఉదాహరణకు ‘ఫాలో’ అంటే ‘వెనక రావడం’ మాత్రమే. ‘నిబంధనలు పాటించడం’ అన్న అర్థంలో ఆ మాట వాడరాదు. దానికి ‘ఒబే’ అన్న మాట వాడాలి.

దీని అర్థం ఏమిటి? పొరపాటు ప్రాణాల మీదికి వచ్చే పరిశ్రమల్లో ఒకటి, భాషను పాఠకుడి దగ్గరికి దించింది. పాఠకుడు అర్థం చేసుకోకపోవడం పాఠకుడి లోపం కాదని, రాసినవాడి బాధ్యత అని ఒప్పుకున్నది. కార్మికుడి మీద ప్రేమ వల్ల కాదు, విమానం మీద భయం వల్ల. అయినా ఒప్పుకున్నది. ఇక్కడి విద్యావ్యవస్థ మాత్రం ఇంగ్లీషు రాకపోవడాన్ని పిల్లవాడి బుద్ధి లోపంగానే చూస్తున్నది. 900 మాటల ఇంగ్లీషు ఒక ఏడాదిలో నేర్పగలిగినది. దానిని ‘ఇంటర్వ్యూ ఇంగ్లీషు’తో, ‘వ్యక్తిత్వ వికాసం’తో కలిపి కలగాపులగం చేస్తున్నది. గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్పి, పుస్తకం చదవడం నేర్పడం లేదు.

రెండో వైపు నుంచి కూడా చూడాలి. సాంకేతిక విద్యకు మన భాషలు పనికిరావన్న మాటను ఈ నగరమే ఒకప్పుడు తిప్పికొట్టింది. 1917లో ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఉర్దూలోకి పాఠ్యగ్రంథాలను తెచ్చింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు సహా ఉర్దూలో బోధించింది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. అయితే ఈ చరిత్రను పొగిడి ఊరుకోవడం తగదు. నిజాం రాజ్యంలో అత్యధిక సంఖ్యాకులైన తెలుగు రైతాంగానికి ఉర్దూ కూడా పై వాళ్ల భాషే. భారతీయ భాషలో శాస్త్రం చెప్పవచ్చునని రుజువైంది గాని, ప్రజల భాషలో చెప్పడం జరగలేదు.

తెలుగులో ఆ పని వేరే దారిలో మొదలైంది. 1906లో హైదరాబాద్‌లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర గ్రంథాలను తెలుగులో వేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను తెచ్చింది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చింది. పనులు జరగలేదని అనలేం. కాని పుస్తకం తెలుగుకు, షెడ్డు తెలుగుకు మధ్య అగాధం పూడలేదు.

నేను కళ్లారా చూసిన ఉదాహరణ చెబుతాను. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో ‘బలభ్రామకం’ గురించి చదివి, లెక్కలు కూడా చేసిన విద్యార్థి ఒకడు, షెడ్డులో ‘టార్క్’ అన్న మాట విన్నప్పుడు రెండూ ఒకటేనని గుర్తించలేదు. శాస్త్రం వాడికి వచ్చు, పని వాడికి వచ్చు. రెండింటినీ కలిపే మాట లేదు. మరోవైపు ఆ షెడ్డులో పెద్ద మేస్త్రీ పనిముట్లన్నిటినీ పానా, పేచ్‌కస్, పక్కడ్, ఆకురాయి అంటాడు. ఉర్దూ, తెలుగు కలిసిన ఈ మాటలు మన కార్మికుల నిజమైన పారిభాషిక పదాలు. ఇవి పాఠ్యపుస్తకంలోకి రావు. ఇట్లా ఒకే వస్తువుకు మూడు భాషలు: పుస్తకంలో ఒకటి, పత్రంలో ఒకటి, నోటిలో ఒకటి. ఈ మూడింటి మధ్య నిలబడిన పిల్లవాడు తనకు ఏమీ రాదనుకుంటాడు.

ఏ కోర్సులో చేరినా అడగవలసినవి

ఇదంతా విని నా విద్యార్థులు వేసే ప్రశ్న ఒక్కటే: “అయితే సార్, నేర్చుకోవాల్నా వద్దా?” నేర్చుకోవాలి. తప్పకుండా నేర్చుకోవాలి. పానా పట్టనివాడు సంతకం దాకా పోలేడు. అయితే చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగమంటాను.

ఈ ధ్రువపత్రం ఈ కంపెనీ గేటు బయట చెల్లుతుందా? ఒకే యజమానికి పనికివచ్చే నైపుణ్యం ఆ యజమానికే లాభం.

దీని మీద ఇంకొక మెట్టు ఉన్నదా? ఐ.టి.ఐ. నుంచి డిప్లొమాకు దారి ఉన్నది. స్వల్పకాలిక కోర్సు నుంచి ఎక్కడికి దారి ఉన్నదో చేర్చుకునేవాడిని కాగితం మీద చూపమనాలి.

‘ఎట్లా’తో పాటు ‘ఎందుకు’ చెబుతారా? మిషను పాడైతే విప్పి చూసే అవకాశం ఇస్తారా, తాకవద్దంటారా?

శిక్షణ కాలంలో చేసే పనికి స్టయిపెండు ఎంత, గంటలు ఎన్ని? అప్రెంటిస్ పేరుతో ఏళ్ల తరబడి మామూలు కార్మికుడి పని చేయించుకుంటే అది శిక్షణ కాదు, చౌక శ్రమ.

మన వంతు

రచయితల ముందు ఉన్న పని చిన్నది కాదు. వ్యవసాయానికి 1962లో, చేనేతకు 1971లో వృత్తి పదకోశాలు వచ్చాయి. ఆనాడు సేకర్తలు ఊరూరా తిరిగి రైతులనూ సాలెలనూ అడిగి రాసుకున్నారు. ఈనాడు శంషాబాద్, ఆదిబట్ల, బాలానగర్ షెడ్లలో తిరిగి, కార్మికుడి నోటిమాటను, పుస్తకం మాటను, ఇంగ్లీషు మాటను పక్కపక్కన పెట్టే పని సాహిత్య విద్యార్థులు చేయగలరు. ఎం.ఏ. చివర రాసే ప్రాజెక్టుల్లో ఎన్నో ఎవరూ తెరవకుండా అలమరాల్లో పడి ఉంటాయి. ఇటువంటిది ఒకటి రాస్తే ఒక ఫిట్టరు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుంటాడు.

తెలుగు చదివితే ఏం వస్తుందని నిరాశపడే విద్యార్థులకు ఇందులో ఉపాధి కూడా ఉన్నది. సాంకేతిక రచన ఒక వృత్తి. యంత్రం పక్కన వేలాడే భద్రతా సూచన నుంచి శిక్షణ పాఠం దాకా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. 1991 నుంచి తెలుగు లిపి యూనికోడ్‌లో ఉన్నది, ఏ కంప్యూటరు మీదైనా రాయవచ్చు. లేనిదల్లా ఆ పనిని అర్థం చేసుకుని, ఒక మాటకు ఒక అర్థంగా, ఇరవై మాటలకు మించకుండా వాక్యం రాయగలిగిన మనిషి. సాహిత్యం చదివినవాడికి ఇది తక్కువ పని అనిపిస్తే, ఒకసారి ప్రయత్నించి చూడమంటాను. ‘నూనె అంటిన మరకు ఈ సంఖ్య వాడరాదు’ అన్న వాక్యాన్ని ఎవరికీ అపార్థం కాకుండా, ఎందుకో కూడా తెలిసేటట్టు రాయడం పద్యం రాయడం కన్నా తేలిక కాదు.

కథకులకు, నవలాకారులకు ఇంకొక మాట. కార్మికుడి పేదరికాన్ని మనం చాలా రాశాం. అతని తెలివిని తక్కువ రాశాం. బోల్టు సాగే హద్దు చేతికి తెలిసిన మనిషిని, ఆ తెలివికి పేరు లేక, పత్రం లేక, సంతకం లేక నిలబడిపోయిన మనిషిని చూపగలిగితే, నైపుణ్యం అన్న మాట గోడ కాగితం మీదినుంచి దిగి మనిషి దగ్గరికి వస్తుంది. అతనికి జాలి అక్కరలేదు. అతనికి కావలసింది ఆ రెండో కాగితం. అది అతను చదవగలిగిన భాషలో ఉండాలి. ఆ భాషను తయారుచేయగలిగిన స్థానంలో ఉన్నవాళ్లం మనం.